ఆగస్టులో బౌండరీ వాటర్స్: పదకొండు మందిమి, ఒక ఆవకాయ సీసా

#1 గోదారి_గట్టు
ఆగస్టు రెండో వారంలో ఉత్తర మిన్నెసోటాలో ఈలీ ఊరి మీదుగా బౌండరీ వాటర్స్ అనే చెరువుల అడవికి వెళ్దామని మూడు కుటుంబాలవాళ్ళం అనుకున్నాం. మూడు రాత్రులు టెంట్లలో. మొత్తం పదకొండు మంది. మా అమ్మానాన్న కూడా ఉన్నారు, రాజోలు నుంచి మొన్న మేలో వచ్చారు. మాలో టెంట్ వేయడం వచ్చినవాళ్ళు ఇద్దరు, తెడ్డు పట్టినవాళ్ళు సున్నా.

అసలు టెన్షన్ వేరే. పోయిన వేసవిలో సుపీరియర్ సరస్సు నార్త్ షోర్ వైపు ఒక స్టేట్ పార్కు క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాం. రాత్రి పదకొండింటికి రేంజర్ వచ్చి టార్చి వేశాడు. పక్క సైటు వాళ్ళు కంప్లయింట్ ఇచ్చారట. ఏం చేశాం? చిన్న స్పీకర్, అంతాక్షరి. మా మామగారు పాట మధ్యలో ఆగిపోయి, తెల్లారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మనవాళ్ళమని అలా చేశారేమో అన్న అనుమానం నాకింకా పోలేదు. ఈసారి అలాంటిది జరగకూడదు.

అమ్మ పులిహోర, చికెన్ వేపుడు, ఆవకాయ సర్దుతానంటోంది. ఎలుగుబంట్ల సంగతి చూడాలి. ఏమేం తెలుసుకుని వెళ్ళాలో చెప్పండి.

#2 డులూత్_దొర
పదకొండు మంది కుదరదు. గుంపుకి తొమ్మిది మందే. పడవలు నాలుగే.

#3 అమీర్‌పేట_అక్క
దొరగారు ఎప్పట్లాగే టెలిగ్రాం కొట్టేశారు. రెండు పర్మిట్లు తీసుకుంటే సరిపోదా? ఆరుగురు ఒక పర్మిట్, ఐదుగురు ఇంకోటి. లోపలికెళ్ళాక కలుసుకోవచ్చు.

#4 పోర్టేజ్_పంతులు
అక్కా, అదే చేయకూడదు. తొమ్మిది అన్న లెక్క పర్మిట్ కాగితానికి కాదు, చోటుకి. నీళ్ళ మీదైనా, పడవ మోసే దారిలోనైనా, టెంట్ దగ్గరైనా తొమ్మిది మందికి మించి ఒక్క చోట చేరకూడదు. వంటకి మాత్రం కలుద్దాం అనుకున్నా తప్పే. రేంజర్లు పడవల మీదే తిరుగుతుంటారు, తలకాయలు లెక్కపెడతారు.

గట్టుగారూ, పన్నెండేళ్ళుగా ఏటా వెళ్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

అది పార్కు కాదు. 10 లక్షల ఎకరాల పైచిలుకు అడవి, వెయ్యికి పైగా చెరువులు, కెనడా సరిహద్దు దాకా. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం కింద, ఆ తర్వాత దానికే ప్రత్యేకంగా 1978లో చేసిన చట్టం కింద కాపాడుతున్న చోటు. చాలా చెరువుల్లో మోటారు పడవ నిషేధం. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను సిగ్నల్ దాదాపు లేదు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పడవని తల మీద పెట్టుకుని నడవాలి. దాన్నే పోర్టేజ్ అంటారు. ఆ దూరాన్ని రాడ్లలో కొలుస్తారు. రాడ్డంటే పదహారున్నర అడుగులు, రమారమి ఒక కానూ (తెడ్డు పడవ) పొడవు. మ్యాపులో 80 అని చూసి 80 అడుగులు అనుకుని మా బావ చంకలో పుచ్చకాయ పెట్టుకుని దిగాడు. అది పావు మైలు. పుచ్చకాయ సగం దారిలోనే కోసేశాం.

మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్ ఉండాలి. ఏ రోజు, ఏ ఎంట్రీ పాయింట్ నుంచి అన్నది ముందే ఖాయం చేసుకోవాలి. ఆగస్టు వీకెండ్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, మంగళ, బుధవారాలు చూడండి. పర్మిట్ ఇచ్చేటప్పుడు నిబంధనల వీడియో చూపించి ప్రశ్నలు కూడా అడుగుతారు. డ్రైవింగ్ టెస్టులా ఉంటుంది, భయపడకండి.

ఇంకొకటి. గాజు సీసాలు, రేకు డబ్బాల్లో సీలు చేసిన ఫుడ్ లోపలికి తేకూడదు. అమ్మగారి ఆవకాయ గాజు సీసాలో ఉంటే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి.

#5 మంచు_మామ
ఆవకాయ ప్లాస్టిక్‌లోకా! ఇది విన్నాక అమ్మగారు ప్రయాణం మానుకుంటారు.

#6 వరంగల్_వాగు
స్పీకర్ ముచ్చట మీద నాకు చెప్పాలని ఉంది. మా దగ్గర చెరువు మీద శనివారమొస్తే మోటారు బోటుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టుకుని తిరుగుతారు, వాళ్ళని అడిగేవాడు లేడు. మనం నాలుగు పాటలు పాడితే రేంజర్ వస్తాడా? గట్టుగారి అనుమానాన్ని నేను కొట్టిపారెయ్యను.

#7 డులూత్_దొర
మిన్నెసోటా స్టేట్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా చప్పుడు చేయకూడదు. ఆయన పాడింది 11కి.

#8 వరంగల్_వాగు
రూల్ కాదన్నానా? రూల్ అందరికీ ఒకే తీరుగా ఉందా అంటున్నా.

#9 అమీర్‌పేట_అక్క
రెండూ నిజమే అయ్యుండొచ్చు వాగు. పక్కవాళ్ళ మనసులో ఏముందో మనకి తెలీదు. కానీ మా ఆయన గురక టెంట్లోంచి నాలుగు సైట్ల అవతలికి వినబడిందని మర్నాడు ఒక ముసలాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. నీటి ఒడ్డున రాత్రిపూట మాటలు ఎంత దూరం పోతాయో ఆ రోజే తెలిసింది. గట్టుగారూ, మీ మామగారి గొంతు బాగుంటే సాయంత్రం ఏడింటికి పాడించండి. బౌండరీ వాటర్స్‌లో మాత్రం స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి. అక్కడ రాత్రి వినాల్సినవి వేరే ఉంటాయి.

#10 కొత్తగా_వచ్చా
నేను మొన్న జనవరిలోనే మినియాపొలిస్ వచ్చాను. తోడేళ్ళు కూడా ఉంటాయా అక్కడ? ఇంకో డౌట్. గూస్‌బెర్రీ ఫాల్స్ దగ్గర మా పిల్లలు చిప్‌మంక్‌కి వేరుశెనగలు పెడితే ఒకావిడ కోప్పడింది. ఉడత లాంటి దానికి గింజ పెడితే తప్పేంటండీ? మనకి ఉడతంటే రాముడి వేళ్ళు గుర్తొస్తాయి కదా.

#11 మంచు_మామ
శ్రీశైలం ఘాట్‌లో కార్లాపి కోతులకి అరటిపళ్ళు ఇచ్చేవాళ్ళని చూశారుగా. ఇప్పుడు ఆ కోతులు కారు ఆగితే చాలు, అద్దంలోంచి చేయి పెట్టి సంచి లాక్కుంటాయి. రోడ్డు మీదే కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి కూడా. చిప్‌మంక్‌ది చిన్న సైజు, కథ అదే. మనిషి చేతిలో తిండి ఉంటుందని ఒకసారి నేర్చుకుంటే ఆ తర్వాత వచ్చేవాడి బ్యాగు కొరుకుతుంది.

#12 పోర్టేజ్_పంతులు
తోడేళ్ళు ఉన్నాయి. అలాస్కా, హవాయి తీసేస్తే మిగిలిన అమెరికాలో తోడేళ్ళు దాదాపు అన్నిచోట్లా తుడిచిపెట్టుకుపోయిన కాలంలో కూడా ఉత్తర మిన్నెసోటా అడవిలో మిగిలాయి. ఇప్పుడు రెండున్నర వేలకి పైనే. పన్నెండేళ్ళలో నేను ఒక్కదాన్ని చూశాను, అదీ రోడ్డు దాటుతుంటే. కూత వినబడితే మీ అదృష్టం. ఈలీలోనే తోడేళ్ళ కేంద్రం ఉంది, పిల్లలకి చూపించండి.

అక్కడ మనుషులకి నిజంగా ముప్పు చల్లటి నీళ్ళతోనూ పిడుగులతోనూ. ఆ తర్వాత పేలంత ఉండే పిడుదు. నల్లకాళ్ళ పిడుదు కరిస్తే లైమ్ జబ్బు రావొచ్చు. ప్యాంటు మేజోళ్ళలోకి దోపి, రాత్రి పడుకునే ముందు చంకలూ మోకాళ్ళ వెనకా చూసుకోవాలి. పిల్లలకి మరీను. లైఫ్ జాకెట్ ఊరికే పడవలో పడేస్తే లాభం లేదు, ఒంటి మీద ఉండాలి. పదేళ్ళలోపు పిల్లలకైతే అది చట్టమే.

ఇక ఎలుగుబంటి. అక్కడ ఉండేది నల్ల ఎలుగు ఒక్కటే, గ్రిజ్లీ కాదు. మనిషి మీద దానికి ఆసక్తి లేదు, వేపుడు మీద ఉంది. బౌండరీ వాటర్స్‌ని చూసుకునే సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ వాళ్ళు దీని మీద ఇప్పుడు ఆర్డరే తెచ్చారు. తిండి, చెత్త, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చే ప్రతిదీ ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి. లేదా భూమికి 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల ఎడంగా తాడుతో వేలాడదీయాలి. అలాంటి కొమ్మ వెతుక్కోవడమే సగం రోజు పని, డబ్బా అద్దెకి తీసుకోండి. టెంట్లో ఒక్క బిస్కెట్ కూడా వద్దు. ఎలుగు వస్తే పరుగెత్తకండి, చచ్చినట్టు పడుకోకండి. అందరూ ఒకచోట నిలబడి గిన్నెలు మోగించి అరవండి.

మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు టెంట్ల చుట్టూ తిరగడం మానదు. చివరికి దాన్ని కాల్చేయాల్సి వస్తుంది. పొరపాటు చేసినవాడు అప్పటికి ఇంట్లో ఉంటాడు.

#13 కొత్తగా_వచ్చా
చిప్‌మంక్ విషయం అర్థమైంది. ఆవిడ కాస్త నెమ్మదిగా చెప్పి ఉంటే అప్పుడే అర్థమయ్యేది.

#14 నీటికాకి
చేపలు పట్టే ఆలోచన ఉంటే ఒక మాట. పదహారేళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ కావాలి, అది అందరికీ తెలుసు. గాలానికి కట్టే సీసం గుండ్లు మాత్రం కొనకండి. టంగ్‌స్టన్‌వో తగరంవో దొరుకుతాయి. లూన్ పక్షి తిన్న చేపని అరాయించుకోవడానికి చెరువు అడుగునుంచి గులకరాళ్ళు మింగుతుంది. జారిపడ్డ సీసం గుండుని కూడా రాయి అనుకుని మింగుతుంది. ఒక్క గుండు చాలు, పక్షి చచ్చిపోతుంది. లూన్ ఆ రాష్ట్ర పక్షి, అమెరికాలో అలాస్కా తర్వాత ఎక్కువ ఉండేది అక్కడే.

#15 కొత్తగా_వచ్చా
లూన్‌ని నేను చూశాను! మా కొలీగ్ బోటులో దగ్గరికి వెళ్తే నీళ్ళ మీద నిలబడి రెక్కలు కొట్టుకుంటూ డాన్స్ చేసింది. రెండు నిమిషాల వీడియో ఉంది, ఇన్‌స్టాలో ఎన్ని లైకులో.

#16 నీటికాకి
ఆ వీడియో తీసేస్తే మంచిది. అది డాన్స్ కాదు, భయం. గూడుకో పిల్లకో చాలా దగ్గరికి వచ్చారని లూన్ అలా నిటారుగా లేచి నీళ్ళు చిమ్ముతుంది. మీరు రెండు నిమిషాలు వీడియో తీశారంటే అది రెండు నిమిషాలు ప్రాణభయంతో ఉంది.

లూన్ కాళ్ళు ఒంటికి బాగా వెనక ఉంటాయి, ఈతకి బాగుంటాయి గానీ నేల మీద నడక రాదు. అందుకే గూడు సరిగ్గా నీటి అంచునే కడుతుంది. మీ బోటు అల చాలు గుడ్లు నీళ్ళలోకి జారడానికి. పెట్టేదే సాధారణంగా రెండు. మీ తప్పని కాదు, నేనూ మొదటి ఏడాది ఇలాంటిదే చేసి మురిసిపోయాను. పక్షి తన పని ఆపి మిమ్మల్నే చూస్తుంటే వెనక్కి రావాలి, అదే గుర్తు.

#17 కొత్తగా_వచ్చా
తీసేశాను. సిగ్గుగా ఉంది.

#18 మంచు_మామ
సిగ్గెందుకు తమ్ముడూ. నేను మూస్‌తో (గుర్రమంత ఉండే జింక జాతి జంతువు) సెల్ఫీకి వెళ్ళినవాణ్ణి. చెయ్యి చాపి బొటనవేలు అడ్డం పెడితే జంతువు మొత్తం కప్పుకుపోవాలట, అంత దూరంలో ఉండాలి. నా మూస్‌ని కప్పడానికి రెండు అరచేతులు కావలసి వచ్చాయి. అది చెవులు వెనక్కి వాల్చింది, నేను చెప్పులు వదిలేసి కారెక్కాను. చెప్పులు ఇప్పటికీ గన్‌ఫ్లింట్ ట్రెయిల్ రోడ్డు పక్కనే ఉన్నాయి. (తెలుసు, చెత్త వేయకూడదు.)

#19 పోర్టేజ్_పంతులు
ఆ మూస్‌లు కూడా తగ్గిపోయాయి మామా. ఈశాన్య మిన్నెసోటాలో 2006లో 8,000 పైన ఉండేవి. ఇప్పుడు అందులో దాదాపు సగం. జింకలు మోసుకొచ్చే మెదడు పురుగు, చలికాలపు పిడుదులు, ఎండలు, అన్నీ కలిశాయి.

చేపల మాట వచ్చింది కాబట్టి: ఎరకి కొన్న వానపాములు మిగిలితే నేల మీద పారబోయకండి, చెత్తలో వేసి తెచ్చేయండి.

#20 మట్టిమనిషి
ఇంతసేపు ఊరుకున్నాను. ఇది మాత్రం ఒప్పుకోను. బాపట్లలో వ్యవసాయం చదివినవాణ్ణి. వానపాము రైతు నేస్తం అని మూడో క్లాసు పిల్లవాడికి తెలుసు. నాలుగు వానపాములు నేలలోకి వెళ్తే అడవి పాడవుతుందా? రూల్ అన్న ప్రతిదానికీ తల ఊపడం మనకి అలవాటైపోయింది.

#21 నీటికాకి
మీ పొలంలో నేస్తమే. అక్కడ కాదు. ఆ ప్రాంతం మొత్తం వేల ఏళ్ళ కిందట మంచు పలకల కింద ఉంది. అవి కరిగాక పెరిగిన అడవిలో స్థానిక వానపాములే లేవు. ఇప్పుడున్నవి యూరప్ నుంచి మట్టితోనూ మొక్కలతోనూ వచ్చినవి, తర్వాత ఎర డబ్బాల్లోంచి పారబోసినవి.

#22 మట్టిమనిషి
సరే, లేవు. వస్తే నష్టం ఏంటి? మట్టి గుల్లబారుతుంది, ఆకు త్వరగా కుళ్ళి ఎరువవుతుంది. మంచిదేగా.

#23 నీటికాకి
త్వరగా కుళ్ళడమే నష్టం. ఆ అడవిలో రాలిన ఆకుని బూజు తీరిగ్గా కుళ్ళబెడుతుంది. అందుకే నేల మీద పరుపులా మందంగా ఆకుపొర ఉంటుంది. ట్రిలియం లాంటి అడవిపూలు, షుగర్ మేపుల్ మొలకలు, ఫెర్న్‌లు ఆ పరుపులోనే పుడతాయి. ఓవెన్‌బర్డ్ అనే పిట్ట నేల మీద ఆ ఆకుల్లోనే గూడు కడుతుంది. వానపాములు చేరిన చోట కొన్నేళ్ళలో ఆ పొర మొత్తం తినేస్తాయి. నేల గట్టిగా, బోసిగా మిగులుతుంది. మీరు దున్ని విత్తే నేలకి కావలసింది, ఎవరూ దున్నని నేలకి కావలసింది ఒకటి కాదు కదా.

#24 మట్టిమనిషి
ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఆకుపొర సంగతి అర్థమైంది. కానీ మనం పారబోసే నాలుగింటితో తేడా వస్తుందా అన్నది ఇంకా నా ప్రశ్నే.

#25 డులూత్_దొర
అందరూ నాలుగే పారబోస్తారు.

#26 అమీర్‌పేట_అక్క
దొరగారూ, ఈ ఒక్క వాక్యానికి టీ ఇప్పిస్తాను.

#27 వరంగల్_వాగు
నా సొంత కయాక్ పడవ ఉంది, గాలి కొట్టేది. దానికీ నియమాలున్నాయా?

#28 పోర్టేజ్_పంతులు
ఉన్నాయి. ఒక చెరువులోంచి తీశాక అంటుకున్న నాచు, గడ్డి పీకేయాలి, నీళ్ళు వంచేయాలి, బాగా ఆరనివ్వాలి. జీబ్రా మసల్ అని గోరంత గవ్వ ఉంటుంది, దాని పిల్లలు కంటికి కనబడవు. చుక్క నీటిలో కూడా ఇంకో చెరువుకి వెళ్ళిపోతాయి. ఒకసారి చేరాక తీయడం దాదాపు అసాధ్యం.

కట్టెలు కూడా ఇంటి నుంచి మోసుకెళ్ళకండి. ఆష్ చెట్లని చంపే పచ్చపురుగు అలా కట్టెల్లోనే ఊళ్ళు దాటింది. 2009లో సెయింట్ పాల్‌లో బయటపడింది. అక్కడికి వెళ్ళాక నేల మీద పడున్న ఎండు పుల్లలే ఏరుకోవాలి, అదీ టెంట్ నుంచి దూరంగా వెళ్ళి. బిర్చ్ బెరడు కాగితంలా ఊడుతోంది కదా అని బతికున్న చెట్టుది పీకకండి. ఆ తెల్లటి తొక్క మళ్ళీ రాదు, నల్లటి మచ్చ ఉండిపోతుంది.

నిప్పు ఇనప జాలీ ఉన్న పొయ్యిలోనే వేయాలి. పడుకునే ముందు నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిదలో చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. 2007 మేలో హామ్ లేక్ దగ్గర ఒక క్యాంప్ నిప్పు జారి, రెండు దేశాల్లో కలిపి దాదాపు 75,000 ఎకరాలు కాలిపోయాయి. ఎండలు ముదిరితే నిప్పే నిషేధిస్తారు కాబట్టి గ్యాస్ స్టవ్ పట్టుకెళ్ళండి.

#29 కొత్తగా_వచ్చా
అడగడానికి మొహమాటంగా ఉంది గానీ… బాత్రూం?

#30 మంచు_మామ
హమ్మయ్య, అసలు ప్రశ్న ఇరవై తొమ్మిదో పోస్టులో వచ్చింది.

#31 పోర్టేజ్_పంతులు
ప్రతి సైటు వెనక అడవిలో ఒక ఫైబర్ గ్లాస్ పీట ఉంటుంది. గోడల్లేవు, కప్పు లేదు. మా అత్తగారు మొదటి రోజు ఏడ్చారు, మూడో రోజు "ఇంత గాలీ వెలుతురూ ఉన్న దొడ్డి ఎక్కడా చూడలేదు" అన్నారు. అందులో చెత్త వేయకండి, తిండి అస్సలు వేయకండి, ఎలుగు తవ్వుతుంది. స్నానమైనా గిన్నెలైనా నీటికి 150 అడుగుల అవతల. చెరువులో సబ్బు వద్దు, సున్నిపిండి కూడా వద్దు. తాగే నీళ్ళు మరగబెట్టాలి లేదా వడకట్టాలి.

#32 గోదారి_గట్టు
ఇన్ని సంగతులు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మీటింగ్ పెట్టాం. మా బావమరిది, అమ్మానాన్న ఈలీ దగ్గర క్యాబిన్‌లో ఉంటారు, మిగిలిన ఎనిమిది మందిమి లోపలికి. మంగళవారానికి పర్మిట్ దొరికింది. వరంగల్_వాగు, నా అనుమానం అలాగే ఉంది, కానీ 11 గంటలకి పాడాం అన్నది కూడా నిజమే.

#33 వరంగల్_వాగు
అంతే అన్నా. వెళ్ళి రండి. చెరువు అంచుల్లో పొడుగ్గా గడ్డిలా కనిపిస్తే అది గడ్డి కాదు, మనోమిన్. వైల్డ్ రైస్. అక్కడి ఆదివాసులు ఆజిబ్వే వాళ్ళ పంట, ఎన్నో తరాలుగా కానూల్లో వెళ్ళి కర్రలతో కొట్టి రాల్చుకుంటారు. ఆగస్టు మధ్యకి ఇంకా పాలు పోసుకుంటుంటుంది. దాంట్లోంచి పడవ దూర్చకండి.

#34 గోదారి_గట్టు
వచ్చేశాం. మూడు వారాలైంది, ఇప్పటికి తీరింది.

పోర్టేజ్‌లో నా భుజాలు పోయాయి. ఎలుగు రాలేదు. వచ్చింది చిప్‌మంక్. మా చిన్నాడి జేబులో పల్లీ చిక్కీ ముక్క మర్చిపోయాడు. తెల్లారగానే టెంట్‌కి గచ్చకాయంత బొక్క పెట్టి, జేబు కొరికి, ఎత్తుకుపోయింది. టెంట్ అద్దెది, డిపాజిట్‌లో కోశారు.

ఆఖరి రోజు పగటి పర్మిట్ మీద అమ్మానాన్నని ఒక చెరువులోకి తీసుకెళ్ళాం, ఈసారి ఆరుగురమే. నేను తెడ్డు వేస్తుంటే పడవ గుండ్రంగా తిరుగుతోంది. నాన్న కాసేపు చూసి, "ఇటివ్వరా" అని తీసుకున్నాడు. గోదాట్లో నాటు పడవ నడిపిన మనిషి, నలభై ఏళ్ళ తర్వాత. చుక్క చిందకుండా తీసుకుపోయాడు. అమ్మ వైల్డ్ రైస్ వెన్ను ఒకటి కోయకుండా వంగి చూసి, "ఇంకా పాల మీదుంది, పదిహేను రోజులు ఆగాలి" అంది. వాగు చెప్పిందే.

రాత్రి లూన్ అరిస్తే మొదటిసారి అందరం లేచి కూర్చున్నాం. మా మామగారు, అంతాక్షరి ఆయనే, "ఆ గొంతుకి ఏ అక్షరంతో అందుకోవాలి" అన్నారు. ఎవరూ అందుకోలేదు.

#35 నీటికాకి
ఎంత దూరంలో ఉంది?

#36 గోదారి_గట్టు
కనబడలేదండి. వినబడింది అంతే.

#37 అమీర్‌పేట_అక్క
ఆవకాయ సంగతి చెప్పలేదు.

#38 గోదారి_గట్టు
అమ్మ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చనివ్వలేదు. ఆవకాయ సీసాతో క్యాబిన్‌లోనే ఉండిపోయింది. మా బావమరిది ఒక్కడే తిన్నాడు.

#39 డులూత్_దొర
వచ్చే ఏడాది పర్మిట్లు జనవరి ఆఖర్లో తెరుస్తారు. తొమ్మిది మంది.